హోర్‌క్రక్సుల లెక్కలో రాని మనుషులు

(హారీ పాటర్, 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' ఇంకా చదవనివాళ్ళకి: ఇందులో స్పాయిలర్లు చాలానే ఉన్నాయి.)

వోల్డెమార్ట్ హోర్‌క్రక్సులు ఏమేంటని అడిగితే ఓ మాదిరి హారీ పాటర్ అభిమాని కూడా తడుముకోకుండా చెప్పేస్తాడు. డైరీ, ఉంగరం, లాకెట్, కప్పు, కిరీటం, నాగిని, తెలియకుండానే తయారైన హారీ. సరే, ఇప్పుడు ఇంకో ప్రశ్న. హోర్‌క్రక్స్ తయారవ్వాలంటే ఆత్మ చీలాలి, ఆత్మ చీలాలంటే హత్య జరగాలి. మరి ఏ వస్తువు కోసం ఎవరు చచ్చిపోయారు?

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. జవాబు లేక కాదు. 2007 జూలైలో ఆఖరి పుస్తకం వచ్చిన కొద్దిరోజులకి, పాఠకులతో జరిగిన ఆన్‌లైన్ ప్రశ్నోత్తరాల్లో రౌలింగే చెప్పింది. డైరీకి, అమ్మాయిల బాత్రూంలో ఏడుస్తూ తిరిగే దయ్యం మర్టిల్. ఉంగరానికి వోల్డెమార్ట్ కన్నతండ్రి. కప్పుకి దాని యజమానురాలు హెప్జిబా స్మిత్. నాగినికి బర్తా జోర్కిన్స్. కిరీటానికి అల్బేనియాలో ఒక రైతు. లాకెట్‌కి ఒక మగుల్ బికారి. చివరి ఇద్దరికీ పేర్లు కూడా లేవు.

వస్తువులన్నీ మనకి కంఠతా వచ్చు. వాటికోసం పోయిన ప్రాణాలు గుర్తులేవు. ఫాంటసీ కథల్లో దేవుళ్ళు, ఆత్మలు, క్షుద్రవిద్యల మీద అల్లుకునే థియరీల్లో చాలావాటికి ఇదే జబ్బు ఉందని నా అనుమానం.

* * *

ఫ్యాన్ థియరీల్ని వెక్కిరించడం తేలిక. కానీ థియరీలు కట్టేవాళ్ళంత శ్రద్ధగా పుస్తకం చదివేవాళ్ళు విమర్శకుల్లో కూడా తక్కువే. రెండో భాగంలో దొర్లిన ఒక మాటకి ఆరో భాగంలో అర్థం దొరకబుచ్చుకోవడం చిన్న పనేం కాదు. 2005లో 'హాఫ్ బ్లడ్ ప్రిన్స్' వచ్చి హోర్‌క్రక్సుల సంగతి బయటపడింది. ఆఖరి పుస్తకానికి ఇంకా రెండేళ్ళుంది. ఈలోపే చాలామంది పాఠకులు హారీ కూడా ఒక హోర్‌క్రక్సే అయ్యుంటాడని తేల్చేశారు. హారీకి పాముల భాష రావడం, వోల్డెమార్ట్ రగిలిపోయినప్పుడల్లా నుదుటి మీద మచ్చ మండటం, వోల్డెమార్ట్ తన శక్తిలో కొంత హారీలో వదిలేశాడని రెండో పుస్తకంలోనే డంబుల్‌డోర్ చెప్పడం, ఇవీ వాళ్ళ ఆధారాలు. అన్నీ కథలో అందరి కళ్ళముందే ఉన్నవే.

ఆ థియరీ చివరికి నిజమైంది. అయితే దాని గొప్పదనం అక్కడే ఆగిపోలేదు. హారీయే హోర్‌క్రక్స్ అయితే, వోల్డెమార్ట్ చావాలంటే హారీ కూడా చావాలా? ఇన్నేళ్ళూ ఈ పిల్లాణ్ణి కాపాడుకొచ్చిన డంబుల్‌డోర్‌కి ఆ సంగతి ముందే తెలుసా? తెలిసే పెంచాడా? ప్లాట్‌లో ముడి విప్పుదామని కూర్చున్న పాఠకులు, ఒక పెద్దమనిషి మంచితనాన్ని నిలదీసే చోటికి చేరారు. ఆఖరి పుస్తకంలో స్నేప్ అడిగేదీ దాదాపు ఇదే.

రెండో రకం థియరీ ఉంది. ఎక్కువగా కనిపించేది అదే. దానికి మంత్రం ఒక వంటకం లాంటిది. ఏ దినుసులు పడ్డాయి, ఎంతెంత పడ్డాయి, ఏ వరసలో పడ్డాయి, దాని గొడవంతా అంతే. ఆ దినుసుల్లో మనుషులు కూడా ఉన్నారన్న సంగతి దానికి పట్టదు.

* * *

ప్రాణాన్ని ఒంటి బయట దాచుకోవడమన్నది రౌలింగ్ కనిపెట్టింది కాదని తెలుగు పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు. బాలనాగమ్మ కథ వినో, సినిమా చూసో పెరిగినవాళ్ళకి మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసు. మేరీ ఫ్రేర్ 1868లో అచ్చువేసిన 'ఓల్డ్ దక్కన్ డేస్'లో పంచ్‌కిన్ అనే మాంత్రికుడి కథ ఉంది. వాళ్ళింట్లో ఆయాగా పనిచేసిన అన్నా లిబరేటా డిసౌజా చెప్పిన కథ అది. అందులోనూ ప్రాణం చిలకలోనే. అందులోనూ మాంత్రికుడు ఎత్తుకుపోయిన తల్లిని కొడుకే వచ్చి విడిపిస్తాడు. ఆ తల్లి పేరు బాల్నా! ఫ్రేజర్ 'గోల్డెన్ బో'లో ఇలాంటి బయటి ప్రాణాల గురించి రాస్తూ ఈ కథని కూడా చెప్పాడు. రష్యన్ కథల్లో కష్చేయ్ అని ఒకడున్నాడు. వాడి చావు సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో ఉంటుంది.

ఈ కథలకీ హోర్‌క్రక్స్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. చిలకలో ప్రాణం పెట్టడానికి ఫకీరు ఎవర్ని చంపాడో కథ చెప్పదు, మనమూ అడగం. అక్కడ ప్రాణం ఒక రహస్యం, అంతే. ఆ రహస్యాన్ని రాబట్టాలి, దారి కనుక్కోవాలి, చిలక మెడ విరవాలి. రౌలింగ్ ఆ పాత పొడుపుకథలోకి నేరాన్ని తెచ్చిపెట్టింది. ఇంకొకరి ప్రాణం తీస్తేగానీ నీ ప్రాణాన్ని దాచుకోలేవంది. దాంతో ప్రతి హోర్‌క్రక్స్ వెనకా ఒక శవం వచ్చి చేరింది.

అభిమానులు ఏం చేశారంటే, హోర్‌క్రక్స్‌ని మళ్ళీ చిలకగా మార్చేశారు. ఎక్కడుంది, ఎలా పగలగొట్టాలి, ఏడా ఎనిమిదా? ఇందులో రచయిత్రి తప్పు కూడా ఉంది. ఆఖరి పుస్తకంలో సగం వస్తువుల వేటే. బికారి, రైతు పుస్తకంలోకి రానే రాలేదు. కళ్ళజోడు మీద వెక్కిరిస్తే బాత్రూంలోకి వెళ్ళి ఏడుస్తూ చచ్చిపోయిన పిల్ల మర్టిల్, చచ్చాక కూడా నవ్వులాటకే మిగిలింది. హెప్జిబా హత్య నేరాన్ని ముసలి ఇంటిపనిమనిషి, హోకీ అనే ఎల్ఫ్ మీదకి నెట్టేశారన్న సంగతి ఆరో పుస్తకంలో ఒక్కచోట వచ్చి మాయమైపోతుంది. ఆ ఒక్కచోటే హోర్‌క్రక్స్ అసలు ఖరీదు మనకి తగులుతుంది.

అయినా రౌలింగ్ ఒక తలుపు తెరిచే ఉంచింది. చీలిన ఆత్మ మళ్ళీ అతుక్కోవాలంటే దారి ఒక్కటే, పశ్చాత్తాపం. ఆఖరి పోరాటంలో హారీ వోల్డెమార్ట్‌ని ఆ ప్రయత్నం చెయ్యమంటాడు కూడా. అప్పటికే అన్నీ నాశనమయ్యాక పశ్చాత్తాపం పనిచేస్తుందా, ఏ ముక్క ఎక్కడికొచ్చి అతుక్కుంటుంది అని థియరీలు పుట్టాయి. పశ్చాత్తాపపడాలంటే ముందు చంపిన మనిషి గుర్తుండాలి కదా. లాకెట్ కోసం చంపిన బికారి మొహం వోల్డెమార్ట్‌కి గుర్తుందా? మనకైతే లేదు.

* * *

దేవుళ్ళ సంగతికొస్తే మార్టిన్ లోకంలో పెద్ద జాతరే ఉంది. ఉత్తరాన మొహాలు చెక్కిన చెట్లు, దక్షిణాన ఏడు రూపాల దేవుడు, ఐరన్ దీవుల్లో సముద్రంలో మునిగిన దేవుడు, బ్రావోస్‌లో చావుకి మొక్కే గుడి, తూర్పు నుంచి వచ్చిన ఎర్ర దేవుడు ర్హ్లోర్. వీళ్ళలో అసలైనవాడెవడు? ఏ దేవుడూ కథలోకి దిగిరాడు. కానీ ర్హ్లోర్ పూజారిణి మెలిసాండ్రే కన్న నీడ రెన్లీని చంపుతుంది. థోరోస్ ప్రార్థనకి బెరిక్ డొండారియన్ మళ్ళీ మళ్ళీ చచ్చి లేస్తాడు. దాంతో ర్హ్లోర్ ఒక్కడే నిజమని ఒక థియరీ, అన్నీ ఒకే శక్తికి వేర్వేరు పేర్లని ఇంకో థియరీ, అసలు దేవుళ్ళే లేరు రక్తానికే శక్తి ఉందని మూడోది.

సరే, ర్హ్లోర్ ఉన్నాడని తేలిందే అనుకుందాం. అప్పుడేమవుతుంది? 'పాతాళ భైరవి' (1951) గుర్తుతెచ్చుకోండి. అక్కడ దేవత ఉందా లేదా అన్న సందేహమే లేదు. సాహసవంతుడైన కుర్రాణ్ణి బలిస్తే వరమిస్తుంది. నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి బలివ్వబోతే, రాముడు మాంత్రికుడి తలే నరికి ఆ వరం తను పొందుతాడు. దేవత ఇద్దరిలో ఎవరు మంచివాడని అడగదు. బలి అందింది, వరం ఇచ్చింది. దేవత నిజమని తెలిసినంత మాత్రాన ఆ బలి న్యాయమైపోదు. ఈ రెండు ప్రశ్నల్నీ విడదీసి చూడటం మనకి ఒక పాత జానపద సినిమాలోనే అలవాటైంది.

మార్టిన్ పుస్తకాల్లో ఈ విడదీయడం దావోస్ చేస్తాడు. రాతి డ్రాగన్‌ని లేపడానికి రాజరక్తం కావాలి, కాబట్టి రాబర్ట్ అక్రమ సంతానం ఎడ్రిక్ స్టార్మ్‌ని కాల్చాలంటుంది మెలిసాండ్రే. స్టానిస్ రాజ్యాన్ని ఒకవైపు, ఒక పిల్లాడి ప్రాణాన్ని ఇంకోవైపు పెట్టి తూచడం మొదలుపెడతాడు. దావోస్ ఆ తక్కెడకే ఒప్పుకోడు. ఆ మంత్రం పారుతుందా పారదా అని వాదించుకుంటూ కూర్చోకుండా పిల్లాణ్ణి పడవెక్కించి పంపేస్తాడు. మనమేమో రాజరక్తం నిజంగా పనిచేస్తుందా, జలగల్ని కాల్చాక ముగ్గురు రాజులు చావడం మంత్రమా యాదృచ్ఛికమా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నాం. చర్చ సరదాగానే ఉంటుంది. కాకపోతే అది మెలిసాండ్రే వేసిన ప్రశ్న.

అజోర్ అహాయ్ కథ ఇంకా పచ్చిగా ఉంటుంది. చీకటిని చీల్చే కత్తి తయారు చెయ్యడానికి ఆ వీరుడు ఎర్రగా కాలిన ఇనుముని మొదట నీళ్ళలో ముంచాడు, విరిగింది. తర్వాత సింహం గుండెలో దించాడు, అదీ విరిగింది. మూడోసారి భార్య నిస్సా నిస్సా గుండెలో దించాడు, కత్తి వెలిగింది. ఆ వీరుడు మళ్ళీ పుడతాడని జోస్యం. అభిమానులు రెండు జాబితాలు వేసుకున్నారు. అజోర్ అహాయ్ ఎవరు? నిస్సా నిస్సా ఎవరు? రెండో ప్రశ్నకి మామూలు తెలుగులో అర్థం ఏంటంటే, 'హీరో చేతిలో చావబోయే ఆడమనిషి ఎవరు?' అని. 2019లో సీరియల్ ఆఖరి భాగంలో జాన్ స్నో డెనేరిస్‌ని ముద్దుపెట్టుకుంటూనే పొడిచేసినప్పుడు, జోస్యం ఫలించినట్టేనా అని లెక్కలు చూసుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

ఈ కథ పుస్తకంలో ఎవరి నోటి నుంచి వస్తుందో చూడండి. సలాధోర్ సాన్ అనే సముద్రపు దొంగ దావోస్‌కి చెప్తాడు. చెప్పి, స్టానిస్ చేతిలోది ఉత్తి కాలిన కత్తే అయినందుకు సంతోషించమన్నట్టు మాట్లాడతాడు. అసలైన కత్తి కావాలంటే దానికి ఎవరు పోవాలో అతనికి అర్థమైంది. దోచుకుని బతికేవాడికి తట్టిన మాట మన జాబితాల్లో ఎక్కడా కనబడదు.

* * *

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే థియరీలు మిర్రి మాజ్ దూర్ చుట్టూ అల్లుకున్నవి. మొదటి పుస్తకంలో ఖాల్ ద్రోగోకి చేసిన రక్తమంత్రం ఆమెదే. డెనేరిస్ భర్త జీవచ్ఛవంగా మిగులుతాడు, కడుపులో బిడ్డ పోతాడు. డెనేరిస్ ఆమెని భర్త చితి మీదే కట్టేసి కాలుస్తుంది. ఆ మంటల్లోంచి మూడు డ్రాగన్లు పుడతాయి. మూడు చావులకి మూడు డ్రాగన్లు: ద్రోగో, పుట్టకుండానే పోయిన కొడుకు రేగో, మిర్రి. ఇదీ థియరీ. లెక్క ముచ్చటగా సరిపోతుంది. దీనికి అనుబంధాలు కూడా ఉన్నాయి. బిడ్డని ఆమె కావాలనే చంపిందా? గాయానికి వేసిన మందుకట్టు ద్రోగో పీకేసుకోకపోయుంటే బతికేవాడా?

వీటి మధ్య పోయినదేంటంటే, ఆమె చెప్పిన సాక్ష్యం. మిర్రి ఒక గొర్రెలకాపరుల ఊళ్ళో గుడి నడిపే మనిషి. ద్రోగో మంద ఆ ఊరిని తగలబెట్టింది. గుడిని కాల్చింది. తను వైద్యం చేసి బతికించినవాళ్ళ తలలు గుట్టలుగా పడున్నాయి. డెనేరిస్ వచ్చి కాపాడేలోగానే ముగ్గురు ఆమె మీద అత్యాచారం చేశారు. నువ్వు నన్ను దేన్నుంచి కాపాడావు అన్నట్టు ఆమె డెనేరిస్‌ని నిలదీస్తుంది. మొదటి పుస్తకం మొత్తంలో డెనేరిస్ జవాబు చెప్పలేని ప్రశ్న ఇదొక్కటే. ఆమె వేసింది రాజకీయ ప్రశ్న. మనం దాన్ని మంత్రం రెసిపీగా చదువుకున్నాం.

ఈ దృశ్యాన్ని తెలుగులో ఆలోచించినప్పుడు ఇంకో బరువు వచ్చిపడుతుంది. బాణామతి, చేతబడి చేసిందన్న అనుమానంతో మనిషిని చెట్టుకి కట్టేసి కొట్టడం, పళ్ళు ఊడగొట్టడం, నిప్పంటించడం మన పేపర్లలో వచ్చిన వార్తలే. అక్కడా అందరి నోటా ఒకటే ప్రశ్న: చేసిందా, చెయ్యలేదా? చేసినా కాల్చకూడదు కదా అన్న మాట గుంపులో ఎవరికీ వినబడదు. మిర్రి మంత్రం చేసిందని కథలో మనకి తెలుసు, కాబట్టి ఆమె చితి మనకి న్యాయంగానే కనబడుతుంది. డ్రాగన్లు పుట్టిన సంబరంలో ఆ కేకలు వినబడవు. అవి వినిపించేలా రాసింది మార్టినే. వినకుండా ముందుకెళ్ళింది మనం.

ఐదో పుస్తకం 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్' (2011) మొదటి అధ్యాయం విషయంలోనూ ఇంతే. వరమిర్ అనేవాడు జంతువుల ఒంట్లోకి దూరగలడు. చావు దగ్గరపడ్డాక, తనని కాపాడిన థిసిల్ అనే ఆవిడ ఒంట్లోకి బలవంతంగా దూరబోతాడు. ఆమె ఒళ్ళు ఆమెతోనే పోట్లాడుతుంది, తన కళ్ళు తనే పీక్కుంటుంది. చివరికి వాడు తోడేలులోకి పోతాడు. అదే పుస్తకం చివర్లో జాన్ స్నో పొట్టలో కత్తులు దిగుతాయి. అతని నోట్లోంచి వచ్చే చివరి మాట తన తోడేలు పేరు. అభిమానులు ఈ రెంటినీ కలిపారు: జాన్ ఆత్మ తోడేలులోకి వెళ్ళింది, మళ్ళీ వస్తుంది. చక్కగా కుదిరిన థియరీ, బహుశా నిజం కూడా. కానీ దీనివల్ల వరమిర్ అధ్యాయం జాన్ బతకడానికి రాసిపెట్టిన వాడుక సూచనల కాగితంలా మారిపోయింది. థిసిల్ ఆ కాగితంలో ఒక హెచ్చరిక గుర్తు, అంతే.

* * *

ఇదంతా అభిమానుల లోపమేనా? ఓ రచయిత తన లోకానికి తనే థియరీలు కట్టుకుని చిక్కుకుపోయిన సందర్భం కూడా ఉంది. టోల్కీన్ గట్టి క్యాథలిక్. చెడు దేన్నీ కొత్తగా సృష్టించలేదని, ఉన్నదాన్ని పాడుచెయ్యగలదని ఆయన నమ్మకం. మరి ఓర్కులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1977లో వచ్చిన 'సిల్మరిలియన్'లో ఎల్ఫుల్ని చిత్రహింసలు పెట్టి మార్చినవాళ్ళే ఓర్కులని ఉంది. కానీ ఎల్ఫులకి ఆత్మలుంటాయే! అయితే ఓర్కులకీ ఉన్నట్టేనా? ఆ జవాబు మింగుడుపడక ఆయన చివరి రోజుల్లో మనుషుల్లోంచి వచ్చారనీ, మాట నేర్చిన జంతువులనీ రకరకాలుగా రాసి చూసుకున్నాడు. ఆ కాగితాలు 1993లో 'మోర్గోత్స్ రింగ్'లో అచ్చయ్యాయి. ఏదీ తెగలేదు.

తెగకపోవడానికి కారణం ఉంది. హెల్మ్స్ డీప్ యుద్ధంలో లెగోలాస్, గిమ్లీ ఎవరెన్ని తలలు కొట్టారని పందెం వేసుకుంటారు. 41, 42. చదువుతుంటే హుషారుగా ఉంటుంది. ఓర్కులకి ఆత్మలుంటే ఆ హుషారు గొంతుకి అడ్డంపడుతుంది. అదే 'టూ టవర్స్' చివర్లో గోర్బాగ్, షాగ్రాట్ అని ఇద్దరు ఓర్కులు పైవాళ్ళని తిట్టుకుంటూ, ఈ యుద్ధమయ్యాక నమ్మకమైన నలుగురితో కలిసి పెద్ద బాసులు లేనిచోటికి పోదామని మాట్లాడుకుంటారు. దోచుకోవడానికే అనుకోండి. అయినా ఆత్మలేనివాళ్ళకి రిటైర్‌మెంట్ కలలుంటాయా? టోల్కీన్ ఆ ప్రశ్నని దాటెయ్యలేదు. తన యుద్ధ సన్నివేశం పాడవుతుందని తెలిసి కూడా ఆఖరి రోజుల దాకా దాన్ని కెలుకుతూనే ఉన్నాడు. ఫ్యాన్ థియరీ ఇలా ఉండొచ్చు కదా అనిపిస్తుంది. మనకి నచ్చిన హీరోని గెలిపించడానికి కాకుండా, ఆ గెలుపులో మనకి నచ్చనిదేంటో వెతకడానికి.

* * *

ఆరో పుస్తకం 'ద విండ్స్ ఆఫ్ వింటర్' ఇంకా రాలేదు. దానికోసం ఎదురుచూసేవాళ్ళ థియరీల్లో షిరీన్ పేరు తరచుగా వినబడుతుంది. స్టానిస్ ఒక్కగానొక్క కూతురు. గ్రేస్కేల్ జబ్బు మొహం మీద మచ్చ మిగిల్చిన పిల్ల. 2015లో సీరియల్లో స్టానిస్ ఆమెని కాల్చేశాడు. ఆ ఆలోచన మార్టిన్ నుంచే వచ్చిందని సీరియల్ తీసినవాళ్ళు చెప్పారు. పుస్తకాల్లో ఇప్పటికి స్టానిస్ కూతురికి దూరంగా యుద్ధంలో ఉన్నాడు, షిరీన్ గోడ దగ్గర కాసిల్ బ్లాక్‌లో ఉంది. జాన్ స్నో శవం ఉన్నది కూడా అక్కడే. ఇక లెక్క కట్టడం ఎంతసేపు? షిరీన్‌ని కాల్చడం వల్లే జాన్ లేస్తాడు. ప్రాణానికి ప్రాణం చెల్లు.

అలా జరగొచ్చు కూడా. మార్టిన్ ఆ దారిలోనే రాస్తుండొచ్చు. అయినా ఈ థియరీని చదివినప్పుడల్లా నాకు ఆ బికారే గుర్తొస్తాడు. జాన్ లేవాలని మనందరికీ ఉంది. ఆ కోరిక తీరడానికి ఏ పిల్లని ఎక్కడ ఉంచాలో రచయితకంటే ముందే మనం చూసిపెట్టుకున్నాం. మెలిసాండ్రేకి కనీసం అది తన దేవుడి కోసమన్న నమ్మకమైనా ఉంది.

ప్రస్తుతానికి పుస్తకాల్లో షిరీన్ బతికే ఉంది. పిల్లాణ్ణి పడవెక్కించిన దావోస్ మాత్రం అక్కడికి చాలా దూరంలో, ఇంకో పిల్లాణ్ణి వెతికే పనిమీద పోయాడు.